హవాయి దీవుల దూకుడు మడుగులు

పసిఫిక్ మహాసముద్రము నడుమ, ఏ ఖండమునకును చేరువగాక, హవాయి దీవులు ఒక వరుసగా నమరియున్నవి. వానిలో ముఖ్యమైనవి ఎనిమిది. అవి యన్నియు సముద్రగర్భమునుండి పైకి లేచిన అగ్నిపర్వతముల శిఖరములే. పెద్ద దీవులలో ప్రాయమున మిక్కిలి పెద్దది కవాయి. దాని వయస్సు సుమారు 50 లక్షల సంవత్సరములు. ఆగ్నేయపు కొసనున్న హవాయి పెద్దదీవి దాని ముందు పసిపాప వంటిది. అచటి అగ్నిపర్వతములు నేటికిని అప్పుడప్పుడు లావాను క్రక్కుచుండును.

ఈ దీవులకు వానలు మెండు. ఈశాన్యమునుండి వీచు గాలులు సముద్రపు తేమను మోసికొనివచ్చి కొండలకు తగిలి పైకెక్కును, చల్లబడును, వర్షించును. కవాయి నడుమనున్న వైఅలెఅలె శిఖరము భూమిమీద మిక్కిలి వర్షము పడు చోటులలో నొకటి. అచట ఏటికి పది మీటర్లకు అటునిటుగా వాన కురియుచుండును. ఇంత నీరు చిన్న దీవిలో నిలుచుటకు తావెక్కడిది? అది వందల కొలది సెలయేళ్లై, కొండ చఱియలమీదినుండి దుముకుచు, కొద్ది మైళ్లలోనే కడలిని చేరును.

లావా ఒకేసారి ప్రవహించి గట్టిపడినది కాదు. పొరమీద పొరగా పేరుకొన్నది. కొన్ని పొరలు ఇనుమువలె గట్టివి. కొన్ని బూడిదతోను రాతిముక్కలతోను కూడిన మెత్తనివి. సెలయేరు గట్టిపొర అంచునుండి క్రిందికి దుమికినపుడు, క్రిందనున్న మెత్తనిపొర కోసికొనిపోవును. పడుచున్న నీరు తనతో తెచ్చిన గుండ్రాళ్లను అచటనే గిఱగిఱ త్రిప్పుచు, తిరుగలివలె అడుగును తొలుచును. ఇట్లు వేల సంవత్సరములు గడచునప్పటికి జలపాతము క్రింద ఒక మడుగు ఏర్పడును. చుట్టును నల్లని రాతిగోడలు, పైన పచ్చని చెట్లు, నడుమ ఆకుపచ్చగా మెఱయు నీరు. చూచువానికి మొదట కలుగు కోరిక ఒక్కటే: ఆ గోడమీదికెక్కి మడుగులోనికి దూకవలెనని.

ఈ కోరిక నేటిది కాదు. హవాయి ప్రజలు పూర్వమునుండియు ఎత్తైన చోటినుండి నీటిలోనికి దూకుటను ఒక విద్యగా అభ్యసించిరి. వారి భాషలో దానికి 'లేలే కవా' అని పేరు. లేలే యనగా దూకుట, ఎగురుట; కవా యనగా దూకుటకు అనువైన తావు. ఎంత ఎత్తునుండి దూకెనన్నది మాత్రమే కాదు, ఎంత నెమ్మదిగా నీటిలో ప్రవేశించెనన్నదియు అందు ముఖ్యము. పాదములు ముందుగా, దేహము కోలవలె నిలువుగా, నీరు చిందకుండ దిగవలెను. నీరు పెద్దగా చిమ్మినచో ఆ దూకుట తక్కువ రకముదని యెంచెడివారు. నవ్వుకొఱకు నీటిని నలుదిక్కుల చిమ్ముచు దూకు కుఱ్ఱకారుకును, ఈ విద్యకును ఎంత దూరమో గమనింపదగినది.

లేలే కవా యందు మిక్కిలి ప్రసిద్ధుడు మావుయి దీవి రాజగు కహెకిలి. ఆ పేరునకు ఉరుమని యర్థము. ఆంగ్ల నావికుడు కుక్ 1778లో ఈ దీవులకు వచ్చునాటికి మావుయి నేలుచున్నవాడు ఇతడే. 1783లో ఓఅహు దీవినికూడ జయించెను. 1794లో మరణించెను. శరీరమున ఒక సగమును పచ్చబొట్లతో నల్లగా నింపుకొనెనని అతనిని గూర్చి చెప్పుదురు. మావుయికి ఎదురుగానున్న లానాయి దీవి నైఋతి తీరమున కౌనోలు అను పాతగ్రామము కలదు. అచట సముద్రముపై నిలిచిన కొండగోడలో ఒక గండి యున్నది. నేటికిని దానిని 'కహెకిలి దూకిన చోటు' అనియే పిలుతురు. నీటికి సుమారు 63 అడుగుల ఎత్తున నున్నది. రాజు తాను దూకుటయేగాక, తన యోధులనుకూడ అచటినుండి దూకుమని ఆజ్ఞాపించి వారి ధైర్యమును, విశ్వాసమును పరీక్షించెనని ప్రజలు చెప్పుకొందురు.

ఆ చోటున ఎత్తుకంటె భయంకరమైనది మఱియొకటి యున్నది. గోడ అడుగున, నీటి మట్టమునకు దగ్గఱగా, ఒక రాతి అరుగు ఇంచుమించు 15 అడుగులు ముందునకు పొడుచుకొని వచ్చియున్నది. తిన్నగా క్రిందికి జాఱినవాడు నీటిలో పడడు. ఆ రాతిమీద పడును. కావున దూకువాడు వెనుకనుండి పరుగెత్తికొని వచ్చి, గండిలోనుండి ముందునకు ఎగసి, అరుగును దాటి పడవలెను.

దీనిని లెక్కవేసి చూడవచ్చును. 63 అడుగులనగా సుమారు 19 మీటర్లు. అంత ఎత్తునుండి పడుటకు పట్టుకాలము రెండు సెకండ్లు. ఆ రెండు సెకండ్లలో 15 అడుగులు, అనగా నాలుగున్నర మీటర్లు, ముందునకు పోవలెను. అనగా అంచు విడుచునపుడు సెకండునకు రెండుంబావు మీటర్ల వేగమైనను ఉండవలెను. అది మెల్లని పరుగు. ఇది గొప్ప వేగము కాదు. ఏ బాలుడైనను మైదానమున ఇంతకంటె వేగముగా పరుగెత్తును. కాని అంచుచేరిన పిమ్మట ఒక్క క్షణము తటపటాయించి, కాలు నిలద్రొక్కుకొని, అటుపైని దూకినవానికి ఆ వేగము మిగులదు. సగము మనస్సుతో దూకుటకు ఆ గండిలో తావు లేదు. దూకదలచినవాడు పూర్తిగా దూకవలెను. లేనిచో వెనుకకు మరలి నడచిపోవలెను. ఆ యోధులలో మరలిపోవు స్వేచ్ఛ ఎందఱి కుండెనో ఊహింపవచ్చును. రాజాజ్ఞకు లోబడి దూకినవాని ధైర్యమును, తన యిష్టమున నేర్చి దూకినవాని ధైర్యమును ఒకే తూనికతో తూచరాదు.

కహెకిలి తరువాత దీవులన్నిటిని ఏకము చేసిన మొదటి కమేహమేహ రాజునకును కౌనోలు ఇష్టమైన చోటు. ఆయన అచటికి చేపలు పట్టుటకై వచ్చుచుండెడివాడు. ఇపుడచట జనావాసము లేదు. ఇండ్ల పునాదిరాళ్లు, ఆలయపు దిబ్బ మాత్రము మిగిలియున్నవి. 1962లో అమెరికా ప్రభుత్వము ఆ ప్రదేశమును జాతీయ చారిత్రక స్థలముగా ప్రకటించినది.

సముద్రమునకు దూకు చోటులట్లుండగా, కొండలలోని మంచినీటి మడుగుల మర్యాద వేఱు. మోలోకాయి దీవి తూర్పుకొసను హాలవా అను లోయ కలదు. దీవి పొడవునను సాగివచ్చిన బాట అచటనే ముగియును. ఈ లోయలో హవాయి ప్రజలు అనేక శతాబ్దములు చేమ పండించిరి. మన పెరటిలో పెంచు చేమదుంపయే వారికి ముఖ్యాహారము. దానిని ఉడికించి దంచి, 'పోయి' అను జావగా చేసికొందురు. మళ్లు కట్టి, సెలయేటి నీరు పాఱించి, వరివలె పండించుట వారి పద్ధతి. 1946 ఏప్రిల్ 1వ తేదీన ఉప్పెనవలె వచ్చిన సునామీ ఆ లోయలోనికి చొచ్చుకొనివచ్చి చేమమళ్లను ఉప్పుతో నింపివేసెను. పెక్కు కుటుంబములు లోయను విడిచిపోయినవి. కొన్ని మాత్రము మరల వచ్చి, పూడిన మళ్లను బాగుచేసికొనినవి.

ఆ లోయ కొసను మోఅవులా జలపాతము సుమారు 250 అడుగుల ఎత్తునుండి పడుచున్నది. దాని క్రింద చల్లని మడుగున్నది. దారి కొంతమేర ప్రజల సొంత భూములగుండ పోవును గనుక, స్థానికుల తోడు లేకుండ అచటికి పోరాదు. పోవువారు తోడువచ్చువానితో కలసి లోయముఖమున నిలుతురు. అతడు శంఖమూదును. లోపలినుండి బదులుగా మఱియొక శంఖము మ్రోగిన పిదప ముందునకు సాగుదురు. ఇతరుల యింటిలోనికి పోవునపుడు తలుపు తట్టుట యెట్టిదో ఇది యట్టిది. వచ్చినవారు ఆకులలో చుట్టిన చిన్న కానుకను ఇంటివారి కర్పింతురు. అటుపైని రెండుమైళ్ల నడక. రెండు మూడు చోటుల ఏరు దాటవలెను.

మడుగు చేరినంతనే ఎవరును నీటిలో దిగరు. మొదట 'టీ' అను మొక్క ఆకునొకదానిని నీటిమీద విడుతురు. మనము త్రాగు తేయాకునకును దీనికిని సంబంధము లేదు. ఇది పొడవైన వెడల్పాటి ఆకులుగల మొక్క. ఆ మడుగులో 'మోఓ' అను జలదేవత యుండునని అచటివారి నమ్మకము. మోఓ బల్లిరూపమున నుండును. మడుగులను, చెరువులను కాచుచుండును. ఆకు తేలినచో దేవత ప్రసన్నురాలై యున్నది, దిగవచ్చును. మునిగినచో దిగువాడు తన పూచీమీదనే దిగవలెను.

ఈ ఆచారమును విని నవ్వువారు కలరు. కాని ఆకు నీటిలో మునుగుటకు కారణమేదియో యోచించినచో నవ్వు రాదు. ఎత్తునుండి పడు నీరు మడుగు అడుగువఱకు పోయి, అచట తగిలి, ప్రక్కలనుండి పైకి వచ్చి, మరల జలపాతము వైపే లాగబడుచుండును. తేలికయైన ఆకును లోనికి లాగిన సుడి మనుష్యుని కాళ్లను లాగకుండునా? మోఓ పేరు పెట్టి చెప్పినను, పేరు పెట్టక చెప్పినను, ఆ నీటిని తరతరములుగా చూచినవారి అనుభవము అందిమిడియున్నది. పైగా ఆకు పరీక్షవలన మఱియొక మేలు: అది నీటిమీద తిరుగుచున్నంతసేపు, వచ్చినవాడు ఒడ్డున నిలిచి నీటిని చూడక తప్పదు.

అట్లు నిలిచి చూడనివారి కథ కవాయి దీవిలో జరిగినది. ఆ దీవి ఆగ్నేయ భాగమున హులేఇఅ యను ఏటిమీద కీపూ జలపాతము కలదు. దాని ఎత్తు 20 అడుగులు మాత్రమే. క్రింద విశాలమైన మడుగు, ఒడ్డున చెట్టు, చెట్టునకు ఊగుటకై వ్రేలాడదీసిన త్రాడు. ఒకప్పుడు స్థానికులు మాత్రమే ఎఱిగిన చోటది. యాత్రికుల మార్గదర్శక గ్రంథములలో దాని పేరు అచ్చైన పిదప, దూరదేశములనుండి వచ్చినవారు గుంపులుగా చేరసాగిరి. కౌనోలు ఎత్తులో మూడవవంతైనను లేని ఆ గట్టును చూచి భయపడువారెవరు? ఒకనిని చూచి ఒకడు దూకిరి. త్రాడు పట్టుకొని ఊగి నడుమన విడిచిరి. కొందఱికి కాళ్లు విరిగినవి. కొందఱికి వెన్ను దెబ్బతిన్నది. కొందఱు దూకి, పైకి తేలి, ఒడ్డుచేరకముందే మునిగిపోయి ప్రాణములు గోల్పోయిరి. ఈత వచ్చినవారుకూడ అందులో నుండిరి. అచటి మోఓయే లాగినదని కొందఱనిరి. తుదకు 2011లో ఆ భూమి యజమానులు దారి మూసివేసిరి.

ఇరువది అడుగులు తక్కువ ఎత్తని తోచును. ఆరు మీటర్ల ఎత్తునుండి పడువాడు నీటిని తాకునపుడు గంటకు సుమారు 39 కిలోమీటర్ల వేగముతో నుండును. పది మీటర్లనుండి యైనచో 50 కిలోమీటర్లు. కహెకిలి గండినుండి యైనచో 70 కిలోమీటర్లు. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. ఇంత వేగముతో వచ్చిన దేహమును అది కొద్ది మీటర్లలోనే ఆపివేయును. పాదములు ముందుగా సన్నగా దిగినవానికి ఆ ఆపుట కొంత దూరముమీద పంచబడును. పొట్టమీదనో, వీపుమీదనో పడినవానికి అది క్షణములో తగులును. ఊపిరి ఆగినట్లగును, తెలివి తప్పవచ్చును. కూర్చున్న భంగిమలో పడినచో వెన్నెముకయే విరుగవచ్చును. నీరు చిందకుండ దిగవలెనన్న పూర్వుల నియమము అందముకొఱకు మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది. చిందు ఎంత పెద్దదైనచో దెబ్బ అంత పెద్దది.

నీటి లోతును కంటితో కొలుచుట కూడ అసాధ్యము. నీటిలోనుండి వచ్చు వెలుగు వంగుటవలన, పైనుండి తిన్నగా చూచువానికి నాలుగు మీటర్ల లోతు మూడు మీటర్లుగా కన్పట్టును. ఎండ తళుకు పడినపుడు అడుగు కానరాదు. నీరు కలకబాఱినచో చేయెడు లోతుననున్న బండయు కన్పడదు. నిన్న లోతుగానున్న చోటు నేడు లోతుగా నుండునన్న నమ్మకమును లేదు. ఒక్క వఱద రాత్రిలో పెద్ద బండను దొర్లించుకొనివచ్చి మడుగు నడుమ నిలుపవచ్చును. దిగి, ఈది, కాళ్లతో తడవి చూచుట యొక్కటే మార్గము. మన పల్లెలలో దిగుడుబావి గట్టునుండి దూకు బాలురు చాలవఱకు క్షేమముగా నుండుటకు కారణమిదియే; ఏ మెట్టు ఎచట ముగియునో వారు ఈదుచు నేర్చినారు. ఆ బాలురే తెలియని రాతిగనుల గుంటలలో దూకినపుడు ఆపదపాలగుచున్నారు.

జలపాతము సరిగా పడుచున్న చోట నీరు తెల్లగా నురుగుకట్టి యుండును. చూచుటకు మెత్తని పఱుపువలె నుండును. ఆ తెలుపు గాలిబుడగలవలన కలిగినది. గాలి నిండిన నీటికి మనుష్యుని తేల్చు శక్తి తక్కువ. ఎంత చేతులాడించినను దేహము పైకి రాదు. ఈతలో ఆఱితేఱినవాడును అచట బరువైనవాడగును. కావున జలపాతపు మడుగులో దిగువారు ఆ తెల్లని భాగమునకు దూరముగా నుందురు.

కొండలలోని మడుగులకు అన్నిటికంటె పెద్ద అపాయము పైనుండి వచ్చును. మడుగుకడ ఎండ కాయుచుండును. ఆకాశము నీలముగా నుండును. పిల్లలు నవ్వుచు నీళ్లలో ఆడుచుందురు. ఆ సమయముననే అయిదాఱు మైళ్ల యవతల శిఖరముపై కుండపోతగా వాన కురియుచుండవచ్చును. ఆ నీరు ఇరుకైన లోయలో ఒక్కసారిగా దిగివచ్చును. నిమిషములలో ఏరు మనిషెత్తు పెరిగిన సందర్భములు కలవు. తెలిసినవారు కొన్ని గుఱుతులు చెప్పుదురు. తేటగానున్న నీరు గోధుమవన్నెకు తిరుగును. ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకొనివచ్చును. నీటిగీత మెల్లగా రాతిమీద పైకెక్కును. ఎగువనుండి బండ్లు పోవుచున్నట్లు రొద వినవచ్చును. వీనిలో ఏ యొకటి కనిపించినను ఒడ్డుననున్న చెప్పులకొఱకైనను ఆగక మెరకకు ఎక్కవలెను. ఏరు దాటి అవతలి యొడ్డున చిక్కుకొన్నవారు నీరు తీయువఱకు గంటలకొలది అచటనే కూర్చుండుట మంచిది. ఆకలివేయుననియో, చీకటిపడుననియో దాటబోయి కొట్టుకొనిపోయినవారే ఎక్కువ.

ఇంకొక చిన్నవిషయము. హవాయి సెలయేళ్లలో ఎలుకల, అడవిపందుల మూత్రమువలన కలుగు లెప్టోస్పైరోసిస్ అను జ్వరకారకము ఉండునని అచటి ఆరోగ్యశాఖవారు హెచ్చరింతురు. చర్మము గీసికొనిపోయినవారు, పుండ్లున్నవారు మడుగులో దిగరాదు. ఆ నీరు త్రాగరాదు.

కవాయి ఉత్తరతీరమున 'రాణి స్నానఘట్టము' అను పేరుగల మఱియొక మడుగున్నది. అది సముద్రపు ఒడ్డున, లావా తిన్నెలో ఏర్పడిన ఉప్పునీటి గుంట. వేసవిలో అద్దమువలె నిశ్చలముగా నుండును. శీతకాలమున ఉత్తర పసిఫిక్కులో పుట్టిన తుపానుల కెరటములు వేల మైళ్లు ప్రయాణించి వచ్చి ఆ తిన్నెపై విఱుగును. పది నిమిషములు ఏమియు లేక, పదునొకండవ నిమిషమున ఒక పెద్ద అల వచ్చి తిన్నెమీద నున్నవారిని ఊడ్చుకొనిపోవును. దారిలో నాటిన హెచ్చరిక పలకపై, అచట మరణించినవారికి ఒక్కొక్క గీత చొప్పున గీసియుంచిరి. శీతకాలమున అధికారులు దారి మూసివేయుదురు. ఇట్టి ఒడ్డున ఎవరైనను నీటిలో పడినపుడు, తోడివారు తామును దూకుట సహజము. ఒక ప్రాణమునకు బదులు రెండు పోవుట తఱచు. త్రాడో, పొడవైన కొమ్మయో, మూత బిగించిన ఖాళీ డబ్బాయో విసరి, కేకవేసి సహాయము పిలుచుట ఆ దీవుల రక్షకులు నేర్పుమాట.

ఎత్తునుండి దూకుట నేడు ప్రపంచ క్రీడగా మాఱినది. 2013లో స్పెయిన్ దేశపు బార్సిలోనా నగరమున జరిగిన ప్రపంచ జలక్రీడల పోటీలలో దానికి మొదటిసారి స్థానము లభించినది. పురుషులు 27 మీటర్లనుండి, స్త్రీలు 20 మీటర్లనుండి దూకుదురు. 27 మీటర్లనుండి వచ్చువాడు గంటకు 80 కిలోమీటర్లకు మించిన వేగముతో నీటిని తాకును. గాలిలో ఎన్ని మొగ్గలు వేసినను తుదకు పాదములే ముందుగా దిగవలెను. ఆ వేగమున తల ముందుగా దిగుట మెడకు ప్రాణాంతకము. క్రొత్తవాడెవడును మొదటిదినముననే అంత ఎత్తు ఎక్కడు. మూడు మీటర్లు, అయిదు, పది, పదునైదు. ఒక్కొక్క మెట్టునకు నెలలు, ఏండ్లు పట్టును.

పోటీ జరుగు చోట దూకువానికంటె ముందే నీటిలోనికి దిగువారు కలరు. వారు గజఈతగాండ్రు. అడుగువఱకు పోయి లోతు చూతురు. కొందఱు చేతులతో నీటిని చిమ్ముచు ఉపరితలమును కలచివేయుదురు. అట్లు చేయనిచో ఎత్తుననున్నవానికి నీరెక్కడ మొదలగునో తెలియదు. అటుపైని వారు వలయముగా నిలిచి పైకి చూచెదరు. దూకినవాడు నీటిలో మునిగినంతనే ఇద్దరు మువ్వురు అతనివైపు ఈదుదురు. తల పైకెత్తిన వెంటనే అతడు చేసైగతో తాను క్షేమమని తెలుపును. ఆ సైగ అందినపిమ్మటనే పైన వేచియున్న రెండవవాడు అంచువద్దకు నడచును.